మార్తా ఆట, మూతపడ్డ క్లబ్బులు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల ఆటల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మీలో చాలామంది ఊళ్ళల్లో కౌమార బాలికల సంఘాలు నడుపుతున్నారు. కబడ్డీ, ఖోఖోలతో పాటు ఈ మధ్య ఫుట్‌బాల్ కూడా ఆడిస్తున్నామని మీ నివేదికల్లో రాశారు. ఆ నివేదికల్లో ప్రతిదాంట్లోనూ గడి కట్టి ఒక అమ్మాయి 'విజయగాథ' వేస్తారు. పేద ఇల్లు, వద్దన్న అన్నలు, పట్టుదల, చివరికి పతకం. ఆ గడితో నాకు పేచీ ఉంది. అదేమిటో చెప్పడానికి ఒకే ఒక క్రీడాకారిణి వృత్తి జీవితాన్ని తీసుకుంటాను. ఆమె బ్రెజిల్‌కు చెందిన మార్తా వియెరా ద సిల్వా. ప్రపంచమంతా మార్తా అనే అంటుంది కాబట్టి నేనూ అలాగే అంటాను.

2019 జూన్‌లో ఫ్రాన్స్‌లో జరిగిన మహిళల ప్రపంచ కప్పులో ఇటలీ మీద పెనాల్టీ గోల్ కొట్టింది మార్తా. ప్రపంచ కప్పుల్లో అది ఆమెకు 17వ గోల్. అప్పటివరకూ స్త్రీలలో గానీ పురుషులలో గానీ అన్ని గోల్స్ కొట్టినవాళ్ళు లేరు. ఐదు ప్రపంచ కప్పుల్లో గోల్ కొట్టింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆమెను 2006 నుంచి 2010 దాకా వరుసగా ఐదేళ్ళు, మళ్ళీ 2018లో, ఏటి మేటి క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అంటే ఆమె నైపుణ్యం గురించి మనం వాదించుకోనక్కరలేదు. ప్రతిభ లేక వెనకబడ్డారనే సాకు ఈ కేసులో పనికిరాదు. అందుకే ఈమెను ఎంచుకున్నాను.

మార్తా 1986లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో, అలగోవాస్ రాష్ట్రంలోని దోయిస్ రియాషోస్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఆమె పుట్టడానికి ఏడేళ్ళ ముందు దాకా ఆ దేశంలో ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం చట్టవిరుద్ధం. ఇది ఆచారం గురించో, కట్టుబాటు గురించో అంటున్న మాట కాదు. అక్షరాలా చట్టం. 1940లో ఒక పెద్దమనిషి దేశాధ్యక్షుడు వర్గాస్‌కి ఉత్తరం రాశాడు. ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు, వాళ్ళ తల్లి కాగల శక్తి దెబ్బతింటుంది, జాతి ఏమైపోతుంది అని ఆయన బెంగ. మరుసటి ఏడు, 1941 ఏప్రిల్‌లో, స్త్రీ ప్రకృతికి సరిపడని ఆటలు స్త్రీలను ఆడనివ్వరాదని ప్రభుత్వం శాసనం చేసింది. 1965లో క్రీడామండలి ఆ ఆటల జాబితా కూడా ఇచ్చింది. ఫుట్‌బాల్, కుస్తీ, రగ్బీ, బరువులెత్తడం, ఇలా. 1979లో గానీ ఆ నిషేధం పోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు! ఆ ముప్ఫై ఎనిమిదేళ్ళలోనే బ్రెజిల్ మగవాళ్ళు మూడు ప్రపంచ కప్పులు గెలిచారు, 1958, 1962, 1970లలో. ఫుట్‌బాల్ మా రక్తంలో ఉందని బ్రెజిల్ జనం గర్వంగా చెప్పుకుంటారు. ఆ రక్తం ఎవరిదో చట్టం తేల్చేసింది.

బ్రెజిల్ నియంతృత్వం కాబట్టి అలా చేసిందని సరిపెట్టుకోవద్దు. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లుగా చెప్పుకునే ఇంగ్లండ్‌లో 1920 డిసెంబర్‌లో లివర్‌పూల్ నగరంలో జరిగిన ఆడవాళ్ళ మ్యాచ్‌కి 53 వేలమంది వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబర్‌లో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లోకి ఆడవాళ్ళ జట్లను రానివ్వద్దని తీర్మానించింది. ఆ తలుపులు తెరుచుకోవడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. జనం రాకపోవడం వల్ల ఆడవాళ్ళ ఆట దెబ్బతినలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. జనం వస్తున్నప్పుడే మూసేశారు.

మార్తా సంగతికి వద్దాం. తండ్రి ఆమె పసితనంలోనే ఇల్లు వదిలి వెళ్ళాడు. తల్లి పనికి పోయి నలుగురు పిల్లల్ని పెంచింది. మార్తా మగపిల్లలతో ఆడింది, తన్నులూ తిట్లూ తిన్నది. ఒక పోటీలో ఈ అమ్మాయి ఆడితే మా జట్టు ఆడదని ఎదుటి జట్టు శిక్షకుడు మొండికేశాడు. మీ గడిలోకి సరిగ్గా సరిపోయే బాల్యం. పద్నాలుగో ఏట మూడు రోజులు బస్సులో ప్రయాణం చేసి రియో వెళ్ళి వాస్కో ద గామా క్లబ్బు ఎంపికలో నెగ్గింది. గడి ఇక్కడ ముగుస్తుంది. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

వాస్కోలో రెండేళ్ళు. తర్వాత మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో శాంతాక్రూజ్ అనే చిన్న క్లబ్బు. నిషేధం పోయి పాతికేళ్ళయినా బ్రెజిల్‌లో ఆడవాళ్ళు ఆడి బతకగలిగే లీగ్ లేదు. నిషేధం ఎత్తేయడం ఒక సంతకంతో అయిపోతుంది. మైదానాలూ శిక్షకులూ జీతాలూ సంతకంతో రావు. 2004లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఆమె స్వీడన్ ఉత్తరాన మంచు కురిసే ఊమియో అనే ఊరికి వలస వెళ్ళింది. వలస అనే మాట కావాలనే వాడుతున్నాను. పాలమూరు కూలీ ఊరు విడిచేదీ, మార్తా దేశం విడిచిందీ ఒకటని కాదు. కానీ పని ఉన్నచోటికి శ్రమ తరలిపోవడం అనే సూత్రం రెండుచోట్లా ఒకటే. ఆ ఏడే ఊమియో యూరప్ క్లబ్బుల కప్పు గెలిచింది. 2005 నుంచి నాలుగేళ్ళు వరుసగా స్వీడన్ లీగ్ గెలిచింది. ఆ క్లబ్బుకి 103 లీగ్ మ్యాచ్‌ల్లో మార్తా కొట్టిన గోల్స్ 111.

ఇక 2009 నుంచి ఆరేళ్ళపాటు ఆమె యజమానులు ఏమయ్యారో వినండి.

2009లో అమెరికాలో మహిళల వృత్తి లీగ్ కొత్తగా మొదలైంది. లాస్ ఏంజెలెస్ సోల్ అనే క్లబ్బు ఆమెతో మూడేళ్ళ ఒప్పందం చేసుకుంది. లీగ్ దశలో ఆ క్లబ్బే మొదటి స్థానం, అత్యధిక గోల్స్ మార్తావే. మూడేళ్ళ ఒప్పందంలో ఒక ఏడు గడిచిందో లేదో, 2010 జనవరిలో క్లబ్బు మూసేశారు. ఆమెను ఎఫ్‌సీ గోల్డ్ ప్రైడ్ తీసుకుంది. ఆ ఏడు గోల్డ్ ప్రైడ్ లీగ్ దశలోనూ మొదటిది, ఫైనల్లోనూ గెలిచింది. గెలిచిన రెండు నెలల్లో, నవంబర్‌లో, అదీ మూతపడింది. 2011లో వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్‌కి వెళ్ళింది. ఆ క్లబ్బూ చాంపియన్ అయింది. ఈసారి మూతపడ్డది క్లబ్బు కాదు, లీగే. 2012 పోటీలు రద్దు చేసి, మే నాటికి లీగ్ మూసేశారు. మళ్ళీ స్వీడన్. 2012లో తిరేసో అనే క్లబ్బు, వచ్చిన ఏడే చాంపియన్. 2014 మేలో లిస్బన్‌లో జరిగిన యూరప్ చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆమె రెండు గోల్స్ కొట్టినా తిరేసో 4-3 తేడాతో ఓడిపోయింది. కొద్ది వారాలకే ఆ క్లబ్బు దివాలా తీసి స్వీడన్ లీగ్ మధ్యలోనే తప్పుకుంది. మధ్యలో అప్పుగా వెళ్ళి ఆడిన స్వదేశీ క్లబ్బు శాంతోస్ సంగతి చెప్పాలి. పెలే ఆడిన క్లబ్బు అది. 2009లో మార్తా అక్కడ ఆడినప్పుడు దక్షిణ అమెరికా మహిళల క్లబ్బు కప్పు మొట్టమొదటిసారి జరిగితే శాంతోసే గెలిచింది. 2012 మొదట్లో ఖర్చు తగ్గించుకోవాలని ఆడవాళ్ళ జట్టును తీసేశారు. మళ్ళీ 2015 దాకా లేదు.

చూడండి, క్లబ్బు ఓడిపోయి మూతపడటం వేరు. గెలుస్తుండగా మూతపడ్డాయి ఇవి. ప్రపంచంలో అందరికన్నా బాగా ఆడే మనిషిని పెట్టుకుని, కప్పులు చేతిలో పట్టుకుని మూతపడ్డాయి. పట్టుదల ఉంటే అన్నీ వస్తాయనే మాటకు ఇంతకన్నా జవాబు నాకు దొరకలేదు. మగవాళ్ళ క్లబ్బులూ అప్పుల్లో మునుగుతాయి. వాటి వెనక వందేళ్ళ అభిమానం, టీవీ డబ్బు, మునిసిపాలిటీ ఇచ్చిన స్థలం ఉంటాయి. వాటి నష్టాన్ని పెట్టుబడి అంటారు. ఆడవాళ్ళ జట్టు నష్టాన్ని నష్టమనే అంటారు.

మార్తాకు ప్రతిసారీ ఇంకో క్లబ్బు దొరికింది. ఆమె తార కాబట్టి దొరికింది. నేను ఎక్కువగా ఆలోచించేది ఆమె పక్కన ఆడిన మిగతా అమ్మాయిల గురించి. ఆ జట్లలో బెంచీ మీద కూర్చున్న అమ్మాయి, సామాన్లు సర్దే మహిళ, వైద్య సహాయకురాలు ఏమయ్యారో ఏ పత్రికా రాయదు. పరిశోధకులకు నా విన్నపం, రాయవలసిన చరిత్ర అది.

జాతీయ జట్టు మాట. 2007 జూలైలో రియోలో పాన్ అమెరికన్ క్రీడల ఫైనల్ బ్రెజిల్ గెలిచాక మరకానా స్టేడియంలో ఆమె పాదముద్రలు తీసుకున్నారు. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ. రెండు నెలలకు చైనాలో ప్రపంచ కప్పు. సెమీఫైనల్లో అమెరికా మీద 4-0. ఫైనల్లో జర్మనీ చేతిలో 0-2, మార్తా పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేసింది. పతకాలు తీసుకునే వేళ ఆ అమ్మాయిలు ఒక బ్యానర్ విప్పారు. తమకు అండ కావాలని దేశాన్ని అడిగే బ్యానర్. ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచి వేదిక మీద అడుక్కోవలసి రావడం! నిజానికి అడుక్కోవడం అనకూడదు. సమిష్టిగా, పేరు పెట్టి, కెమెరాల ముందు పెట్టిన డిమాండు అది. మన భాషలో ధర్నా. ఆ సంవత్సరం మార్తా కొట్టిన గోల్స్ లెక్కలు అందరికీ గుర్తున్నాయి, ఆ బ్యానర్ తక్కువమందికి గుర్తుంది. పాదముద్రలు గోడకు పోయాయి. జీతాలు మాత్రం ఎక్కడివక్కడే.

ఆమెను పావడా కట్టిన పెలే అనేవారు. మెచ్చుకోలుగానే అన్నారు. కొలబద్ద మాత్రం మగవాడిదే.

2019లో ఆమె వేసుకున్న బూట్ల మీద ఏ కంపెనీ గుర్తూ లేదు. నీలం, గులాబీ రంగుల్లో సమాన చిహ్నం మాత్రం ఉంది. పాత ఒప్పందం ముగిశాక కంపెనీలు ఇస్తామన్న సొమ్ము మరీ తక్కువని ఆమె ఒప్పుకోలేదు. ఆ ఏటి మహిళల ప్రపంచ కప్పుకి ఫిఫా పెట్టిన బహుమతుల మొత్తం 3 కోట్ల డాలర్లు. ముందటి ఏడు మగవాళ్ళ కప్పుకి 40 కోట్లు. ఫ్రాన్స్ చేతిలో ఓడిపోయిన రాత్రి ఆమె కెమెరా వైపు తిరిగి తన దేశపు ఆడపిల్లలతో మాట్లాడింది. మార్తా ఎల్లకాలం ఉండదు, ఫొర్మిగా ఉండదు, క్రిస్టియానె ఉండదు, మీరు రావాలి అంది. ఫొర్మిగా అంటే ఏడు ప్రపంచ కప్పులు ఆడిన మనిషి. చాలామంది ఆ మాటల్లో కన్నీళ్ళే చూశారు. నాకు మాత్రం ఎవరినీ తయారుచేయని వ్యవస్థ మీద ఫిర్యాదు వినబడింది.

ఆ తర్వాత కొంత మారింది, ఎందుకు మారిందో చెప్పాలి. ఖండాంతర పోటీల్లో ఆడాలంటే మహిళల జట్టు ఉండి తీరాలని దక్షిణ అమెరికా సమాఖ్య పెట్టిన నియమం 2019 నుంచి అమలైంది. మనసు మారి కాదు, లైసెన్సు పోతుందని పెద్ద క్లబ్బులు జట్లు పెట్టాయి. 2020 సెప్టెంబర్‌లో బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య జాతీయ జట్ల స్త్రీ పురుషులకు రోజు భత్యాలూ బహుమతులూ సమానం చేస్తున్నట్టు ప్రకటించింది. మార్తా 2017 నుంచి ఓర్లాండో ప్రైడ్‌కు ఆడి, 2024లో, 38 ఏళ్ళ వయసులో, అక్కడ లీగ్ టైటిల్ గెలిచింది. ఈసారి క్లబ్బు మూతపడలేదు. 2025 ఆగస్టులో కీటోలో కోపా అమెరికా ఫైనల్. కొలంబియా మీద ఓడిపోతున్న మ్యాచ్‌లో ఆఖరి నిమిషాల్లో దూరం నుంచి గోల్ కొట్టి సమం చేసింది, అదనపు సమయంలో ఇంకొకటి. పెనాల్టీల్లో తనది పోగొట్టుకున్నా బ్రెజిల్ గెలిచింది. ఇది చెప్పకుండా ఉండలేను, నేనూ ఆట చూసే మనిషినే.

మన దగ్గరికొస్తే, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య గోకులం కేరళ క్లబ్బుకి ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్ళింది. పత్రికలు గర్వంగా రాశాయి. అదే ఏడు ఆగస్టులో గోకులం అమ్మాయిలు ఆసియా క్లబ్బు పోటీకి తాష్కెంట్ దాకా వెళ్ళి ఆడకుండా తిరిగొచ్చారు. భారత ఫుట్‌బాల్ సమాఖ్య పాలన గొడవల మీద ఫిఫా ఆగస్టు 16న సస్పెన్షన్ విధించింది. 26న ఎత్తేసింది. ఆ పది రోజుల్లోనే వాళ్ళ పోటీ పోయింది. కుర్చీల కొట్లాట ఎవరిదో, జరిమానా కట్టింది ఎవరో గమనించండి.

కాబట్టి నివేదికలో గడి ఉంచండి, ఆ అమ్మాయి ఫోటో చూసి వాళ్ళమ్మ సంతోషిస్తుంది. దాని కింద ఇంకొన్ని వివరాలు చేర్చమంటాను. మైదానం ఎవరి అధీనంలో ఉంది. శిక్షకురాలి జీతం ఎవరిస్తున్నారు, ప్రాజెక్టు ముగిశాక ఎవరిస్తారు. మోకాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది. శిక్షకుడు చెయ్యి వేస్తే ఎవరికి చెప్పుకోవాలి. ఇది ఊహించి అంటున్నది కాదు. మార్తా ఆడిన అమెరికా లీగ్‌లోనే ఏళ్ళ తరబడి వేధింపులు వ్యవస్థలో పాతుకుపోయాయని 2022 అక్టోబర్‌లో వచ్చిన విచారణ నివేదిక చెప్పింది.

ఇంకొకటి, ప్రసూతి. 2021 జనవరి నుంచి ఫిఫా నియమాల ప్రకారం వృత్తి క్రీడాకారిణికి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలి. ఐస్‌లాండ్‌కు చెందిన సారా బ్యోర్క్ గున్నర్స్‌దోత్తిర్ గర్భంతో ఉన్నప్పుడు ఆమెకు రావలసిన జీతం పూర్తిగా ఇవ్వనందుకు, ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్బు 82 వేల యూరోలకు పైగా చెల్లించాలని ఫిఫా ట్రిబ్యునల్ 2022లో తీర్పు చెప్పింది. ఆటగాళ్ళ యూనియన్ ఆమె వెంట నిలబడింది. అయితే ఈ రక్షణ ఒప్పంద పత్రం ఉన్నవాళ్ళకే. మీ జిల్లాల నుంచి క్లబ్బులకు వెళ్ళి ఆడుతున్న అమ్మాయిల దగ్గర ఆ కాగితం ఉందా, ఉంటే అది వాళ్ళు చదవగలిగే భాషలో ఉందా, సంతకం చేసిన నాడు పక్కన ఎవరున్నారు? ఈ మూడూ అడిగి రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.