సరిచూశావా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుని కదా, ఒక ఇంటి కథ చెబుతాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో, అడవి మధ్య కొండవాలున బేర్ రన్ అనే వాగు ఉంది. పిట్స్‌బర్గ్ వ్యాపారి ఎడ్గార్ కాఫ్‌మన్ కుటుంబం సెలవులు అక్కడ గడిపేది. అక్కడే ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. జలపాతం ఎదురుగా కనిపించేలా ఇల్లు వస్తుందని వాళ్ళ ఆశ. 1935లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన ప్లానులో ఇల్లు ఏకంగా జలపాతం నెత్తినే కూర్చుంది! కింద స్తంభాలు లేకుండా కాంక్రీటు బాల్కనీలు వాగు మీదికి చాచుకొని ఉంటాయి. అదే ఫాలింగ్ వాటర్.

కాఫ్‌మన్ ప్లాను చూసి ముచ్చటపడ్డాడు. అయినా వేరే ఇంజనీర్లకూ చూపించాడు. ఇనుము చాలదని వాళ్ళు తేల్చి, రైట్‌కు చెప్పకుండానే ప్రధాన అంతస్తులో దాదాపు రెట్టింపు వేయించారు. రైట్ మండిపడ్డాడు. తీరా సెంట్రింగు విప్పగానే బాల్కనీ కుంగింది. 1990ల నాటికి ఆ కుంగుదల సుమారు 7 అంగుళాలు. 2002లో ఉక్కు కేబుళ్ళు బిగించి ఆపారు. అంత ఇనుము వేస్తేనే అలా ఉంటే, వేయకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

ఈ కథ నన్ను వదలకపోవడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక సైటులో బాల్కనీకి కాంక్రీటు పోస్తున్నారు. అలాంటి స్లాబులో ముఖ్యమైన రాడ్లు పైభాగాన ఉండాలి. కూలీలు తొక్కి తొక్కి అవి కిందికి దిగిపోయాయి. నేను చూశాను. పై అధికారి పక్కనే ఉన్నారు. కుర్రవాణ్ణి, ఏమనుకుంటారోనని నోరు విప్పలేదు. సెంట్రింగు తీసిన రోజు ఆ బాల్కనీ విరిగిపడింది. భోజనాల వేళ కాబట్టి కింద ఎవరూ లేరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. జవాబు వచ్చిందని ఎగిరి గంతేస్తే, “సరిచూశావా?” అనేవారు. బోర్డు మీద తానే తప్పు వేస్తే, చేయెత్తి చెప్పినవాడికి సుద్దముక్క ఇచ్చి దిద్దమనేవారు. బళ్ళో నేర్చుకున్న ఆ చేయెత్తడం సైటులో మరిచిపోయాను.

2019లో ఫాలింగ్ వాటర్ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ అందం రైట్‌ది. అది నిలబడడంలో మాత్రం అడిగినవాళ్ళ వాటా ఉంది, అడగనిచ్చిన ఆ ఇంటాయన వాటా ఉంది.

ముందు వరుసలో మాస్టారు కూర్చున్నారు. మాస్టారూ, ఆ రోజు నుంచి ఏ బాల్కనీ దగ్గరా చేయెత్తడం మానలేదండీ.

సెలవు.