పాత కారు: మన చెయ్యి ఎక్కడిదాకా?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మెకానిక్‌ను కాదు. షార్జాలో ఏసీ డక్టుల పని నాది. నా దగ్గర ఉన్నది 2009 మోడల్ కరోలా. గదిలో నలుగురం డ్యూటీకి అందులోనే పోతాం.

నా చేతి మీద ఈ మచ్చ చూడండి. ఓ జూలై మధ్యాహ్నం దారిలో ఇంజన్ వేడి ముల్లు ఎర్రగీత దాటింది. దిగిన, గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పిన. మరిగే నీళ్లు చేతి మీదికి ఎగజిమ్మినయి. పన్నెండు రోజులు పని లేదు. ఆ నెల బిడ్డ ఫీజుకు ఇంటికి పైసలు పంపలేకపోయిన.

ఎందుకట్లయింది? మూత బిగించి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి వల్ల నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా పొంగుతయి. విజిల్ దిగకముందే కుక్కర్ మూత తీసినట్లే. అసలు తప్పు అంతకుముందే జరిగింది. పాత రబ్బరు గొట్టం కారుతుంటే మార్చకుండా నెలల తరబడి కుళాయి నీళ్లు పోసుకుంటూ వచ్చిన.

కాబట్టి ఇంటి దగ్గర చేసుకునేవి చెప్తా. పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్, ఆయిల్ చూడండి. ఉత్త నీళ్లు కాదు, కారుకు సరిపడే కూలెంటే పోయండి. బ్యాటరీ ఈ ఎండలకు రెండు మూడేండ్లకు మించి ఆగడం కష్టం. విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివరన పెట్టాలి. మా కరోలాలో ఏసీ ఫిల్టర్ గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటది, పది నిమిషాల పని. టైరు పక్కన నాలుగు అంకెలుంటయి: 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. ఇక్కడ ఐదేండ్లు దాటిన టైరు నడవదు. పైకి కొత్తగా కనిపిస్తున్నదని చవగ్గా పాత టైరు కొనకండి.

కొత్త హంగుల సంగతి. వెనక కెమెరా పెట్టించుకోండి, పనికొస్తది. కళ్లు చెదిరే లైట్లు పెడితే ఎదుటివాడికి దారి కనపడదు. రంగు, ఇంజన్ మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలి.

మనం ముట్టకూడనివి: బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, ఏసీ గ్యాస్. ఇంకొకటి గట్టిగా చెప్తున్న. ఒట్టి జాకీని నమ్ముకుని కారు కిందికి దూరొద్దు. బండి బరువు టన్ను పైనే. జాకీ జారితే లాగేవాళ్లు పక్కన ఉన్నా లాభం లేదు. కింద గట్టి స్టాండ్లు పెట్టాలి, నేల చదునుగా ఉండాలి. స్టాండ్లు లేకపోతే ఆ పని గారేజీకి వదిలెయ్యాలి.

రోడ్డు పక్కన, పార్కింగ్‌లో బండి విప్పితే జరిమానా పడొచ్చు. జాగా ఎవరిదో అడిగి చేయండి. తీసిన ఆయిల్ ఇసుకలో పారబోయక, డబ్బాలో పట్టి గారేజీలో ఇవ్వండి.

గారేజీలో వంద దిర్హాములు మిగిలితే సంతోషమే. చెయ్యి పోతే ఆ వంద దేనికి? మనం ఇక్కడ ఉన్నదే ఈ రెండు చేతుల మీద. ఇంజన్ చల్లారేదాకా ఆగండి తమ్ముళ్లూ, అరగంటే కదా.

సెలవు.