పాత ఆర్‌ఎక్స్ 100కి హ్యాండిల్ మారుస్తున్నారా? ముందు ఆయిల్ పంపు వైరు సంగతి చూడండి

ఈ ఎపిసోడ్ మన వైజాగ్ ఆటోనగర్ నుంచి. వెనకాల సుత్తి దెబ్బలు, గ్రైండర్ సౌండు వినిపిస్తే ఏమనుకోకండి, ఇక్కడ సైలెంట్‌గా ఉండే గంటంటూ ఉండదు.

టాపిక్ చిన్నదే అనిపిస్తుంది. పాత బండికి హ్యాండిల్ బార్ మార్చడం. నాలుగు బోల్టులు విప్పడం, పాత రాడ్డు తీసి కొత్తది పెట్టడం, మళ్ళీ బిగించడం. రీల్స్‌లో అయితే ముప్పై సెకన్ల పని. కానీ ఆ బండి యమహా ఆర్‌ఎక్స్ 100 అయితే, పని సగం తెలిసి చేస్తే ఇంజన్ సీజ్ అయ్యే దాకా వెళ్తుంది. హ్యాండిల్‌కీ ఇంజన్‌కీ ఏం సంబంధం బ్రో అంటారా? అదే ఈరోజు చెప్పబోతున్నా.

ముందు బండి గురించి రెండు ముక్కలు. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. ఎస్కార్ట్స్ వాళ్ళు యమహాతో కలిసి తీసుకొచ్చారు. 98 సీసీ, టూ స్ట్రోక్ ఇంజన్. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. అంటే అన్నిటికంటే లేటుగా వచ్చిన ఆర్‌ఎక్స్ కూడా, ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది కంటే వయసులో పెద్దది. పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే దీనితోనూ కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు మన కేసు. బండి మా బాబాయ్‌ది, ఏపీ 31 నంబరు. నాతయ్యపాలెం దగ్గర హైవే పక్కన ఇసుకలో జారి ఎడమ పక్కకి పడింది. బాబాయ్‌కి మోచెయ్యి గీసుకుంది, అంతకు మించి ఏం కాలేదు. బండికి మాత్రం ఎడమ హ్యాండిల్ కిందకి వంగిపోయింది. ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. బాబాయ్ ఏమో "వంకర తీయించేద్దాంరా, కొత్తదెందుకు?" అంటాడు. మా తమ్ముడు "ఇదే చాన్సు, స్ట్రెయిట్ బార్ వేసేద్దాం" అంటాడు. నేను "అసలు ఏం వంగిందో చూద్దాం పదండి" అని ఇద్దర్నీ ఇక్కడికి తీసుకొచ్చాను.

మేస్త్రి గారు బండి చూసి మొదట అడిగిన మాట ఇది: "ఏటి బాబూ, రాడ్డే వంగిందని ఎలా తెలిసింది?"

చాలా మంచి ప్రశ్న. పడిపోయిన బండిలో హ్యాండిల్ వంకరగా కనబడితే కారణం మూడు చోట్ల ఉండొచ్చు. రాడ్డు వంగి ఉండొచ్చు. ఫోర్కు పైపుల్ని పట్టుకునే టీ లోపల ఫోర్కులు తిరిగిపోయి ఉండొచ్చు. లేదా ఫోర్కు పైపులే వంగి ఉండొచ్చు. టీలో తిరిగిపోతే బోల్టులు లూజ్ చేసి, చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని సరిచేసి బిగిస్తే సరిపోతుంది, రూపాయి పార్టు కొనక్కర్లేదు. పైపులే వంగితే కొత్త రాడ్డు వేసినా బండి ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు బండి ముందు నిలబడి చక్రం, ఫోర్కులు, టీ ఒకే లైన్‌లో ఉన్నాయా చూడండి. అలాగే స్టాండు మీద ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టుకున్నట్టు అనిపిస్తే కోన్ సెట్ పోయినట్టే. మా బండికి ఇవన్నీ బాగానే ఉన్నాయి. వంగింది రాడ్డే.

మరి వంకర తీయిస్తే ఏం? ఆటోనగర్‌లో లారీ కమాన్ కట్టల నుంచి ఛాసిస్ దాకా సరిచేస్తారు. ఒక సన్న పైపు వాళ్ళకి లెక్కా? చేయడం చేతకాక కాదు. చేయకూడదు కాబట్టి. బీటెక్‌లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ బట్టీ పట్టి మర్చిపోయిన వాళ్ళ కోసం సింపుల్‌గా చెప్తా. ఒక సన్న ఇనప తీగ తీసుకుని అటూ ఇటూ నాలుగైదు సార్లు వంచండి. వంచిన చోట గట్టిపడుతుంది, తర్వాత పుటుక్కుమంటుంది. హ్యాండిల్ లోపల బోలు పైపు. ఒకసారి వంగినప్పుడే ఆ మెటల్ తన హద్దు దాటేసింది. మళ్ళీ వెనక్కి వంచితే రెండో దెబ్బ. గ్యాస్‌తో కాల్చి వంచితే పైన క్రోమ్ పోతుంది, మెటల్ బలం మారిపోతుంది. ఇక మనది సముద్రం గాలి. క్రోమ్ పగిలిన చోట ఉప్పు తేమ చేరి తుప్పు మొదలవుతుంది. పైపు లోపలి వైపు తుప్పయితే మీ కంటికి కనబడదు కూడా.

ఇంకో విషయం. మీరు చేత్తో రాడ్డు చివర తోసినప్పుడు ఎక్కువ లోడు పడేది చివర కాదు, మధ్యలో క్లాంపు అంచు దగ్గర. బలం ఎంత దూరం నుంచి పడితే ఆ చోట అంత ఎక్కువ మెలి. సాధారణంగా విరిగేదీ అక్కడే. ఎప్పుడు విరుగుతుంది? స్టాండు వేసి ఉన్నప్పుడు కాదు. గట్టిగా ఫ్రంట్ బ్రేకు పట్టి, ఒళ్ళంతా చేతుల మీద పడ్డప్పుడు. గాజువాక హైవే మీద ముందు స్టీల్ కాయిల్స్ లారీ సడన్‌గా ఆగితే, చేతిలో సగం హ్యాండిల్ మిగిలితే ఏం చేస్తాం? ఈ మాట అన్నాక బాబాయ్ ఇక వంకర తీయించే మాట ఎత్తలేదు.

ఇక తమ్ముడి స్ట్రెయిట్ బార్. కిందకి, ముందుకి ఉండే హ్యాండిళ్ళ ఫ్యాషన్ రేసింగ్ నుంచి వచ్చింది. 1950లు, 60ల్లో ఇంగ్లండ్‌లో కుర్రాళ్ళు మామూలు బళ్ళకి తక్కువ ఎత్తు బార్లు వేసి లండన్ ఏస్ కేఫ్ లాంటి చోట్ల చేరేవాళ్ళు. కేఫ్ రేసర్ అన్న పేరు అలాంటి కేఫ్‌ల నుంచే వచ్చింది. ఒంగి కూర్చుంటే గాలి తక్కువ తగులుతుంది, స్పీడుకి మంచిది. కానీ సిటీ ట్రాఫిక్‌లో ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. బాబాయ్‌కి యాభై ఏడేళ్ళు, రోజూ కూర్మన్నపాలెం నుంచి ఆటోనగర్ దాకా లారీల మధ్యలోంచి రావాలి. అందుకే పాత షేపు రాడ్డే తీసుకున్నాం. తమ్ముడు మొహం ముడుచుకున్నాడు గానీ, నడిపేది ఎవరో వాళ్ళ ఒళ్ళే కదా డిసైడ్ చేయాల్సింది.

కొనేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి. పాత రాడ్డు మొత్తం వెడల్పు, ఎత్తు, వెనక్కి ఎంత వచ్చిందో కొలుచుకోండి. ఈ బళ్ళకి పైపు మందం 22 మిల్లీమీటర్లు. ఇప్పుడు మార్కెట్లో దొరికే లావు బార్లకి మధ్యలో 28.6 మిల్లీమీటర్లు ఉంటుంది, అది మన క్లాంపులో పట్టదు. సెకండ్ హ్యాండ్ రాడ్డు అయితే క్లాంపు కూర్చునే చోట గోటితో రాసి చూడండి, చివరల్లోంచి టార్చి వేసి లోపల తుప్పు చూడండి. చదునుగా ఉన్న గచ్చు మీద పెట్టి రెండు వైపులా సమానంగా ఆనుతుందో లేదో కూడా చూడండి.

ఇప్పుడు అసలు పాయింటు. వైర్లు.

మామూలు ఫోర్ స్ట్రోక్ బండిలో యాక్సిలేటర్ వైరు ఒక్క కార్బురేటర్‌కే వెళ్తుంది. ఆర్‌ఎక్స్‌లో అలా కాదు. గ్రిప్ దగ్గర ఒకటిగా బయల్దేరి మధ్యలో రెండుగా చీలుతుంది. ఒకటి కార్బురేటర్‌కి, రెండోది ఆయిల్ పంపుకి. యమహా దీన్ని ఆటోల్యూబ్ అంటుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్‌కి కావాల్సిన ఆయిల్ పెట్రోల్‌తో పాటే లోపలికి వెళ్ళాలి. మీరు ఎంత యాక్సిలేటర్ ఇస్తే పంపు అంత ఎక్కువ ఆయిల్ వదలాలి. ఆ సంగతి పంపుకి చెప్పేది ఈ రెండో వైరే.

ఎత్తు బార్ వేశారనుకోండి, ఉన్న వైరు పొడవు చాలదు. అప్పుడు షాపులో "పొడుగు వైరు ఉంది, వేసేద్దాం" అని సింగిల్ వైరు వేస్తారు. బండి స్టార్ట్ అవుతుంది, పికప్ బాగుంటుంది, అందరూ హ్యాపీ. కానీ పంపు ఐడిల్‌లో వదిలే ఆయిలే వదులుతూ ఉంటుంది. కొమ్మాది దాటి హైవే ఎక్కి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఆయిల్ చాలక పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఇంజన్ ఆగితే వెనక చక్రం కూడా ఆగిపోతుంది. ఆ టైమ్‌లో క్లచ్ నొక్కే తెలివి ఎంతమందికి ఉంటుంది చెప్పండి?

అందుకే వైరు మారిస్తే రెండు కొమ్మల వైరే అడగండి. వేశాక పంపు దగ్గర కవర్ తీసి సెట్టింగ్ చూడాలి. పంపు కప్పీ మీద గుర్తు ఉంటుంది, దాన్ని ఎక్కడ కలపాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. కొందరు పంపు పూర్తిగా తీసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుతారు. పాత బండి కొన్నవాళ్ళు ముందు తమది ఏ టైపో తెలుసుకోండి. అమ్మినాయన చెప్పాడని నమ్మకండి, కవర్ తీసి చూడండి.

బిగించే పని త్వరగా చెప్తా. విప్పే ముందు ప్రతి వైరు దారీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ట్యాంకు మీద మందపాటి గుడ్డ వెయ్యండి. గ్రిప్ కవర్లు సబ్బు నీళ్ళతో ఎక్కుతాయి, కానీ పూర్తిగా ఆరే దాకా బండి తియ్యొద్దు. గ్రీజు మాత్రం రాయకండి, గుంతలో పడ్డప్పుడు గ్రిప్ చేతిలోకి వచ్చేస్తుంది. రాడ్డు మధ్యలో గరుకుగా ఉండే భాగం క్లాంపు లోపలే ఉండాలి. క్లాంపు మీద చుక్క గుర్తు ఉంటే అది ముందుకి పెట్టి, ముందు బోల్టులు పూర్తిగా బిగించాక వెనకవి బిగించాలి. గుర్తు లేకపోతే రెండు వైపులా సందు సమానంగా ఉంచండి. బలం ఉంది కదా అని స్పానర్‌కి పైపు తగిలించి బిగించకండి, చుట్లు పోతాయి.

బండి ఎక్కే ముందు ఐదు చెక్‌లు. ఒకటి, హ్యాండిల్ చివరి దాకా ఎడమకి, కుడికి తిప్పండి, ట్యాంకుకి తగలకూడదు, మధ్యలో మీ బొటనవేలు నలగకూడదు. రెండు, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి మళ్ళీ అటూ ఇటూ తిప్పండి. సౌండు పెరిగిందంటే వైరు లాగుతోందని అర్థం. మలుపులో బండి దానంతట అదే దూకుతుంది. మూడు, ఏ పొజిషన్‌లో అయినా యాక్సిలేటర్ వదిలితే టక్కున వెనక్కి రావాలి. నాలుగు, క్లచ్ లివర్‌కి కొంచెం ఫ్రీ ప్లే ఉండాలి, ఫ్రంట్ బ్రేకు గట్టిగా పట్టాలి. ఐదు, హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు, అద్దాలు.

లీగల్ సంగతి కూడా విని వెళ్ళండి. పాడైన రాడ్డు తీసి అదే షేపుది వేస్తే అది రిపేరు. బండి రూపమే మార్చేస్తే వేరే కథ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకి హద్దులు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనర్‌కి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా ఆర్‌ఎక్స్‌లన్నీ 15 ఏళ్ళు ఎప్పుడో దాటేశాయి. ఆర్‌సీ ఐదేళ్ళకోసారి రెన్యూవల్‌కి వెళ్ళాలి, బండి చూపించాలి. అక్కడ విచిత్రమైన హ్యాండిల్‌తో నిలబడి వాదించడం మనకెందుకు?

చివరగా మేస్త్రి గారు చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. వంగిన పాత రాడ్డుని అలాగే పాత ఇనుములో పడేయలేదు. హ్యాక్సా బ్లేడుతో మధ్యకి రెండు ముక్కలు కోసి పడేశారు. ఎందుకు మేస్త్రి గారూ అంటే, "అలాగే వదిలేస్తే ఎవడో వంకర తీసి, రంగేసి, ఇంకో కుర్రాడికి అమ్మేస్తాడు బాబూ" అన్నారు.

మీరూ అలాగే చేయండి. ఇంట్లో ఆర్‌ఎక్స్ ఉంటే ఈ ఆదివారం పంపు కవర్ ఒక్కసారి తీసి, రెండో వైరు ఉందో లేదో చూడండి. బాబాయ్ బండి కోన్ సెట్ గురించి, సముద్రం గాలికి పట్టేసే బోల్టుల గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. హెల్మెట్ పెట్టుకోండి, ఉంటా మరి.