సైకిళ్లపై మన పల్లెలు
(బాగేపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠము)



వియత్నాము దేశమున మైచౌ అను లోయ కలదు. అచట తెల్లథాయీలనెడి జాతివారు స్తంభములపై కట్టిన ఇండ్లలో నివసింతురు. దూరదేశముల వారు వచ్చి, ఆ ఇండ్లలోనే బసచేసి, సైకిళ్లపై వరిచేల నడుమ తిరిగి, వారి నేతను, వంటను చూచి పోవుచుందురు. దేశమున అల్పసంఖ్యాకులైన ఆ థాయీలవలెనే ఇచట మనమును. ఈ మాట తలచుకొనియే, గడచిన కనుమ మఱునాడు మేము అయిదుగురము సైకిళ్లెక్కితిమి.

మొదటి దినము గుడిబండ. కొండకోటను గూర్చియు, బైరసాగరమును గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు గనుక నేను విడిచెదను. పల్లేరుముండ్లకు రెండు ట్యూబులు బలియైన సంగతి మాత్రము ఎవరును వ్రాయలేదు!

రాత్రికి చిత్రావతి దరినున్న ఒక పల్లెలో ఆగితిమి. “యా ఊరు నాయనా మీది? కాళ్లు కడుక్కోండి, సంగటి తిందురు” అని ఆ ఇంటి అవ్వ పిలిచినది. ఎవరి బిడ్డలమో అటుపిమ్మటనే అడిగినది. సంగటిలోనికి పితికిపప్పు. అనపగింజలను నానబెట్టి, వ్రేళ్ల నడుమ పితికి తోలు తీయుదురు గనుక ఆ పేరు. కన్నడమున హితికిద బేళె యనినను అర్థమదియే.

భోజనానంతరము తాత ఒక నోటుపుస్తకము తెచ్చెను. అందున్నవి కైవారము తాతయ్యగారి తెలుగు పదములు. లిపి మాత్రము కన్నడము. బడిలో కన్నడము చదువు మనుమడు వానిని తడబడక చదివినాడు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు కోలారు జిల్లా మైసూరులోనే నిలిచినది. 2007లో మనము చిక్కబళ్లాపురము జిల్లావారమైతిమి. బడి భాష కన్నడమగుట సహజమే. లిపి మాఱినందుకు కొందఱు దుఃఖింతురు. నాకు దుఃఖము కలుగలేదు. నోటిమాట నిలిచియున్నది గదా.

నన్ను కలవరపెట్టినది వేఱొకటి. మాటల నడుమ తాత “కపిల తోలే కాలంలో” అనగానే, “కపిల అంటే ఏంది తాతా?” అని బాలుడడిగినాడు. ఎద్దులను కట్టి, తోలుబానతో బావినీరు తోడు కపిలను వాడెన్నడును చూడలేదు. నేడు వేయి అడుగులు దాటి బోరు వేసినను నీరు పడునను నమ్మకము లేదు. కపిల, మోకు, బాన, అన్నియు బావితోడనే ఎండిపోయినవి. ఈ మాటలను కన్నడము హరించలేదు. నీరు అడుగంటుటచే పోయినవి. ఆ రాత్రి తాత చెప్పిన బావి మాటలు నా చీటీలో ఇరువది మూడు కలవు.

మఱునాడు గుమ్మనాయకనపాళ్యము వైపు పోతిమి. ఎండ మెండు, ఎక్కుడు మెండు, చెప్పదగినది తక్కువ.

2025 జూలైలో నందికొండపై జరిగిన మంత్రివర్గ సమావేశము మన ఊరికి భాగ్యనగరమని పేరు మార్ప నిర్ణయించినది. దీనిపై సభ్యులలో రెండభిప్రాయములున్నవి. నేడది నా విషయము కాదు. నేనడుగునది ఆ చీటీని గూర్చి. మీ ఇండ్ల పెద్దలలో కపిల తోలినవారు, ఇట్టి నోటుపుస్తకములు దాచుకొన్నవారు ఉన్నచో తెలుపుడు. మేమే వచ్చి వ్రాసికొందుము.

శివరాత్రికి ముందు చింతామణి మీదుగా కైవారము వఱకు పోదలచితిమి. రెండు సైకిళ్లును, ఒక గాలిపంపును తక్కువగానున్నవి.