తెర కూర్పు – బ్యాంకు ఖర్చు
బ్యాంకు యాప్ తయారు చేయించువారు తెర కూర్పునకై అడిగిన సొమ్మును తరచు మొదటనే కొట్టివేయుదురు. తెరను కాగితముపై గీచి నలుగురు ఖాతాదారులచే పరీక్షింపజేయుటకు కొన్ని దినముల జీతములు చాలును. ప్రోగ్రాము వ్రాసిన పిమ్మట మార్చవలసివచ్చినచో వ్రాత, పరీక్ష అన్నియు మరల మొదలు.

తెర తికమకగానే మిగిలినచో? సిటీబ్యాంకు సంగతి వినుడు. 2020 ఆగస్టులో రెవ్లాన్ సంస్థ ఋణదాతలకు అది పంపదలచినది సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ మాత్రమే. అసలు బయటికి పోకుండుటకు తెరపై మూడు గడులు గుర్తింపవలెను, ఒక్కటే గుర్తించిరి. ముగ్గురు చూచిరి, పాపము, ముగ్గురికిని సరిగానే తోచినది! దాదాపు 90 కోట్ల డాలర్లు వెడలిపోయినవి. అందు 50 కోట్లకు పైగా సొమ్మునకై 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు తీర్పు వరకు వేచియుండవలసి వచ్చినది.

అది బ్యాంకు లోపలి తెర. చూచినవారు ఆ పనికై నియమింపబడినవారు. ఫోనులో యాప్ తెరచునది ఖాతాదారు.