గీత ఇవతల, గీత అవతల
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో నేనుండే ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్ టౌన్‌షిప్ మాది. బల్బు ఎడిసనేనా అని అడుగుతారు. ఆయనే. 1876లో అక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టాడు. సైన్సు పాఠంలో మనం చదివిన ఫోనోగ్రాఫు, బల్బు అక్కడే తయారయ్యాయి. అయితే అప్పటికి ఆ ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్.

టౌన్‌షిప్ అంటే మన రామగుండం ఎన్టీపీసీ క్వార్టర్ల వంటిది కాదు. కొన్ని పేటలు, పొలాలు కలిపి, చుట్టూ గీత గీసి, సొంత పాలన ఇచ్చిన ప్రాంతం. 1870 మార్చి 17న పిస్కటవే, వుడ్‌బ్రిడ్జ్ అనే రెండు పాత టౌన్‌షిప్‌ల నుంచి తలా కొంత తీసి దీన్ని ఏర్పాటు చేశారు. 1900లో నడిమధ్యనున్న మెటచెన్ విడిపోయి బరో అయింది. 1905లో నది పక్కనున్న హైలాండ్ పార్క్ వెళ్లిపోయింది. ఇప్పుడు పటంలో చూస్తే మా ఊరు మినపగారె, మెటచెన్ దాని చిల్లు! 1954 నవంబరులో ఎడిసన్ అని పేరు మార్చారు. అప్పటికి ఆయన పోయి ఇరవై మూడేళ్లు.

ఆ రాష్ట్రంలో ఇన్ని బరోలు పుట్టడానికి పెద్ద కారణం బడి. 1894లో ఒక చట్టం వచ్చింది. టౌన్‌షిప్ అంతా ఒకే విద్యా జిల్లా, బరో అయితే విడిగా ఉండొచ్చు అంది. మా పన్నుతో వేరే పేట పిల్లలకు బడి ఎందుకని, చట్టం రాగానే చాలా పేటలు విడిపోయాయి. ఆ ఊపును అక్కడివాళ్లు జబ్బు పేరుతో 'బరోయైటిస్' అంటారు. మనం బరో జ్వరం అనుకోవచ్చు. మెటచెన్, హైలాండ్ పార్క్ ఆ మొదటి జోరు తగ్గాక విడిపోయినవే గానీ, వాటికీ ఈనాటికీ వేరే బడులే. ఇంటి పన్నులో పెద్ద వాటా బడులకే పోతుంది. అందుకే మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు వాస్తు కంటే ముందు ఆ ఇల్లు ఏ బడి కిందికి వస్తుందో చూస్తారు. ఎడిసన్‌లోనే రెండు ప్రభుత్వ హైస్కూళ్లున్నాయి. పిల్లవాడు దేనికి వెళ్లాలో ఇంటి చిరునామా చెబుతుంది.

ఇదంతా ఇక్కడ చెప్పడానికి కారణముంది. నా టీసీలో కరీంనగర్ జిల్లా అని ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు మారాక మన బడి జగిత్యాల జిల్లాకు వచ్చింది, వాగు అవతలి ఊళ్లు పెద్దపల్లి జిల్లాలోకి పోయాయి. ఆ ఊళ్ల పిల్లలు మాతోపాటే సద్దిగిన్నె పట్టుకుని నడిచొచ్చేవారు, నేటికీ వస్తూనే ఉన్నారు. మన సంఘం స్కాలర్‌షిప్ నిబంధనల్లో మాత్రం 'ఈ జిల్లా విద్యార్థులకు' అని ఉంది. రాసినప్పుడు ఆ మాటలో వాళ్లూ ఉన్నారు, ఇప్పుడు లేరు. దాని బదులు 'ఈ బడిలో చదివే విద్యార్థులకు' అని మార్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అందుకు అదనంగా అయ్యే ఖర్చులో మా బ్యాచ్ వాటా మేమిస్తాం.