దూరపు గురువు, దగ్గరి పెద్ద

(పసిపిల్లల పియానో పాఠములను గూర్చిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన వేళ పుస్తకములను గూర్చి మాటలాడుట పరిపాటి. ఈనాటి ప్రసంగ విషయము పియానో పాఠములు. గోదావరి యొడ్డున, అడవి యంచున నున్న పల్లెకు పియానోతో పనియేమని కొందరికి తోచవచ్చును. కాని నేడు ఖమ్మములోను, పాల్వంచలోను, భద్రాచలములోను ఫోను చేతనున్న తల్లిదండ్రులకు, ఐదేండ్ల బిడ్డకు ఇంటనుండియే పియానో నేర్పెదమను ప్రకటనలు కనబడుచున్నవి. గురువు హైదరాబాదులోనో చెన్నైలోనో యుండును. బిడ్డ యిచట నుండును. ఈ చదువు ఎట్లు సాగును, ఎవరికి అందును, ఎవరికి అందకపోవును అనునవి విచారింపదగిన సంగతులు.

పియానో పేరు క్రొత్తయైనను దాని మెట్లు ఈ ప్రాంతమునకు క్రొత్తవి కావు. భజన మందిరములో హార్మోనియమును చూచినవారు వానిని చూచియే యున్నారు. తెల్లమెట్ల నడుమ రెండేసి, మూడేసి గుంపులుగా నల్లమెట్లుండు అమరిక రెండు వాద్యములకును ఒక్కటే. ఇటలీ దేశమున ఫ్లోరెన్సు నగరములో బార్తొలోమియో క్రిస్టొఫోరి యను వాద్యనిర్మాత 1700 ప్రాంతమున పియానోను తయారుచేసెను. మెట్టు నొక్కగనే లోపలి చిన్న సుత్తి తీగను కొట్టును. మెల్లగా నొక్కిన మెల్లగాను, గట్టిగా నొక్కిన గట్టిగాను పలుకుట దాని విశేషము. హార్మోనియము అటుపిమ్మట ఫ్రాన్సులో పుట్టినది. కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ దానిని చేతితో తిత్తి ఊదు చిన్న పెట్టెగా మార్చిన పిదప, నేలపై కూర్చుండి పాడువారికి అనుకూలమై, తెలుగునాట భజనలకును పద్యనాటకములకును తోడైనది.

హార్మోనియము వాయించువానికి ఒక చేయి తిత్తిపై, మరియొకటి మెట్లపై నుండును. పియానోలో రెండు చేతులును మెట్లపైననే యుండవలెను. కుడిచేయి పాట పలుకుచుండగా ఎడమచేయి వేరు పని చేయవలెను. పసిబిడ్డకు మొదటి కష్టము ఇచటనే కలుగును. కనుక మంచి గురువులు తొలిదినములలో ఒక్కొక్క చేతినే సాధన చేయింతురు.

పూర్తి పియానోకు 88 మెట్లుండును. వానిలో 52 తెల్లవి, 36 నల్లవి. అంత పెద్ద వాద్యమును పల్లెయింట నిలుపుట కష్టము. ఆన్‌లైను పాఠములకు 61 మెట్ల ఎలక్ట్రానిక్ కీబోర్డు ప్రారంభమునకు చాలును. బ్యాటరీలతో పనిచేయు రకము కరెంటు పోయిన సాయంత్రమున సైతము పలుకును. కొనునపుడు ఒక్క సంగతి పరీక్షింపవలెను. నొక్కిన బలమును బట్టి ధ్వని మారుచున్నదా లేదా? మారని పెట్టెపై నేర్చిన బిడ్డకు మెల్లదనము, గట్టిదనము వ్రేళ్ళకు తెలియకపోవును.

మొదటి పాఠము ఆటవలె నుండును. రెండు నల్లమెట్ల గుంపునకు ఆనుకొని ఎడమవైపున నున్న తెల్లమెట్టును బిడ్డ వెదకవలెను. హార్మోనియము వాయించువారు దానిని ఒకటి శ్రుతి యందురు. పాశ్చాత్యులు సి యందురు. 61 మెట్లలో అట్టివి ఆరు కలవు. ఆరింటిని కనుగొనిన బిడ్డకు వాద్యమంతయు పరిచయమైనట్లే. పిదప వ్రేళ్ళకు అంకెలు నేర్పుదురు. బొటనవ్రేలు ఒకటి, చిటికెనవ్రేలు ఐదు. చిటికెనవ్రేలినుండి లెక్కపెట్టు అలవాటున్న యింట ఈ వరుసను ముందే వివరింపవలెను. కూర్చున్నపుడు మోచేతులు మెట్ల యెత్తున నుండవలెను. కాళ్ళు వ్రేలాడకుండ క్రింద పీట వేయవలెను. అరచేతిలో నిమ్మపండును పట్టినట్లు వ్రేళ్ళు గుండ్రముగా నుండవలెను.

ఇంతవరకు ఏ పాఠమునకైనను ఒక్కటే. ఫోనుద్వారా నేర్చుటలో కొన్ని ప్రత్యేకపు చిక్కులు కలవు. ధ్వని అచటినుండి యిచటికి వచ్చుటకు కొంచెము ఆలస్యమగును. ఆ యాలస్యము మాటలకు అడ్డు రాదు గాని తాళమునకు అడ్డు వచ్చును. కనుక గురుశిష్యులిరువురును ఒకేసారి వాయింపజాలరు. భజనలో ముందు పాడువాడు ఒక చరణము పాడగా వెనుకవారు అందుకొనునట్లు, గురువు వాయించి ఆగవలెను, బిడ్డ అందుకొనవలెను. మరియు మాటల కొరకు సిద్ధపరచిన కొన్ని యాప్‌లు వాద్యధ్వనిని రొదగా భావించి తగ్గించివేయును. ఆ యమరికను ముందుగా మార్చుకొనవలెను. ఫోనును బిడ్డ ముఖమున కెదురుగా గాక ప్రక్కన, మోచేతినుండి వ్రేళ్ళవరకు కనబడునట్లు నిలుపవలెను.

ఇన్ని చేసినను ఫోను చేయజాలని పని యొకటి కలదు. బిగుసుకొనిన మణికట్టును గురువు తాకి సడలింపజాలడు. ఆ లోటును తీర్చునది ప్రక్కన కూర్చున్న పెద్ద. ఆ పెద్దకు సంగీతము రానక్కరలేదు. భుజములు పైకి లేచినవా, వ్రేళ్ళు చదునైపోయినవా, బిడ్డ అలసినదా అని చూచుటకు అమ్మమ్మ కన్ను చాలును. చేతితో తాళము వేయుటకు తాత చాలును. ఆదివారము గంటసేపు కూర్చుండబెట్టుటకంటె ప్రతిదినము పది, పదునైదు నిమిషముల సాధన మేలు. బిడ్డ చేతికి ఫోనునిచ్చి తలుపు మూసి వెడలిపోవు యింట ఈ చదువు నిలుచుట అరుదు. ట్రినిటీ కళాశాలవంటి లండను సంస్థల పరీక్షలు భారతదేశమునందును జరుగుచున్నవి. తొలియేడాదిలో వానికై తొందరించుట కంటె బిడ్డ తనంత తాను మెట్లవద్దకు వచ్చి కూర్చుండుట గొప్ప ఫలితము.

దూరమునుండి పిల్లలకు చెప్పుట తెలుగువారికి నూతనము కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై ఇల్లిల్లును పాటలతో కథలతో నింపిరి. నేడు అమెరికాలోని తెలుగు పిల్లలు ఇచటి గురువులవద్ద ఫోనుపైననే కర్ణాటక సంగీతము నేర్చుచున్నారు. అయితే 2020వ సంవత్సరమును మరువరాదు. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణలో బడిపాఠములు టీవీలోను ఫోనులోను వచ్చినవి. టీవీ లేని, సిగ్నలు అందని గూడెముల పిల్లలకు ఆ పాఠము దక్కలేదు. బడిపాఠమే అందనిచోట పియానో పాఠము మాట చెప్పనేల? సిగ్నలున్న యింటి బిడ్డ రెండడుగులు ముందుకు పోవుట, లేని యింటి బిడ్డ ఉన్నచోటనే నిలిచిపోవుట ఈ విద్యయందలి అసలైన ప్రమాదము.

మరియొక ప్రమాదము కలదు. పియానో ప్రతి స్వరమును దాని చోటనే నిలిపి పలుకును. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారు గమకము దానికి చేతకాదు. మెట్ల వాద్యమునకు గల ఈ లోపమును ముఖ్యముగా ఎంచియే ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించి, 1971 వరకు ఆ నిషేధమును సడలింపలేదు. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న, భక్త రామదాసుగా పాడిన కీర్తనలు ఈ ప్రాంతమున చెవినుండి నోటికి, నోటినుండి చెవికి వచ్చినవి. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య డోలి వాయించుచు సమ్మక్క సారలమ్మల గాథను, కోయ వంశముల చరిత్రను గానము చేసి 2022లో పద్మశ్రీ పొందిరి. 2024లో వారు గతించిరి. పియానో నేర్చిన బిడ్డ డోలి దరువును చిన్నచూపు చూచిననాడు ఆ నేర్పు ఊరికి నష్టమే. కనుక తొలిపాట దూరదేశపు పాట కానక్కరలేదు. ఐదు స్వరములలో ఇమిడి, బిడ్డ యింట విన్నపాట ఏదైనను చాలును. డోలి దరువునకు అడుగు వేసిన బిడ్డకు లయ ముందే వచ్చియున్నది. దూరపు గురువునకు ఆ మాట చెప్పవలసినవారు దగ్గరి పెద్దలే.

ఇక గ్రంథాలయము మాట. ఒక్కొక్కరు కొనలేని పుస్తకమును అందరును చదువుటకై గ్రంథాలయము పుట్టినది. ఒక్కొక్కరు కొనలేని కీబోర్డునకును అదే న్యాయము వర్తించును. ఒక కీబోర్డు, ఒక ఫోను, ఒక పీట ఉన్నచో పదిమంది పిల్లలు వంతులవారీగా నేర్చవచ్చును. పత్రికలు చదువువారికి నిశ్శబ్దము కావలెను గనుక, వారు వెడలిన పిదప సాయంకాలము వసారాలో ఒక గంట కేటాయింపవచ్చును. ముందే చిత్రించిన పాఠములను సిగ్నలున్నచోట దింపుకొని గూడెమునకు కొనిపోవచ్చును. అట్టి పాఠము బిడ్డ వాయించుట వినజాలదు గనుక, వారమున కొకసారియైనను గురువు వినునట్లు ఏర్పాటుండవలెను. ఏ బిడ్డ ఎప్పుడు కూర్చుండునో వ్రాయు పుస్తకములో గూడెపు పిల్లల పేర్లు చివర గాక ముందుండవలెను.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గడప త్రొక్కిన బాలబాలికలు నేడు తల్లిదండ్రులై యున్నారు. వారికి ఆనాడు ఎవరో పుస్తకము తెరచి, ప్రక్కన కూర్చుండి, అక్షరముపై వ్రేలుంచి చూపిరి. నేడు వారి బిడ్డలకు తెల్లమెట్టుపై వ్రేలుంచి చూపవలసిన వంతు వారిదే. గురువు ఎంత దూరముననైనను ఉండవచ్చును. ప్రక్కన కూర్చుండు పెద్ద మాత్రము ఈ యూరివారే కావలెను.